ఆకు మీద తెలుపు: మందు కొట్టేముందు

పల్నాడులో మొక్కకు ఏదైనా అయితే ముందుగా వినబడే మాట "ఇదేంటి?" కాదు, "ఏం కొట్టమంటారు?" మిరప, పత్తి మధ్య పుట్టి పెరిగినవాళ్లకు అది సహజమే. ఊరు వదిలి నరసరావుపేటలో అపార్ట్‌మెంట్ కొనుక్కున్నా, మాచర్లలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నా, హాల్లో టీపాయ్ మీది జానెడు మర్రి బోన్సాయ్ ఆకులపై తెల్లగా కనబడితే చాలు, ఆలోచన పురుగుమందుల షాపు దాకా పోతుంది. షాపులో ఆకు చూపించకుండా "తెల్లగా వస్తోందన్నా" అంటే, వాళ్లు మాత్రం ఏం చేస్తారు? తెల్లమచ్చకు ఒకటి, పురుగుకు ఒకటి, బలానికి ఒకటి చొప్పున మూడు సీసాలు కవర్లో వేసిస్తారు.

నిజానికి తేడా పట్టడం మనవాళ్లకు చేతకాని విద్యేమీ కాదు. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగనీ, కిందికి ముడుచుకుంటే నల్లి అనీ గురజాల వైపు ఏ రైతునడిగినా చెబుతాడు. ఆకును ఒకసారి చూసి రెండు జబ్బుల్ని విడదీసే కన్ను అది. ఆ కన్నునే హాల్లోకి తెచ్చుకోమని ఈ అధ్యాయం అడుగుతోంది.

పేరు తెలియకుండా మందు కొడితే ఏమవుతుందో కూడా ఈ జిల్లా చూసింది. 2021 చివర్లో మిరప పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి గుర్తించిన పురుగు అది, శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. పాతది ఆకు మీద బతికితే ఇది పువ్వులోకి దూరి కూర్చుంటుంది. పాత తామర పురుగే అనుకుని మందు మీద మందు, దానిలో ఇంకో మందు కలిపి కొట్టిన చేలలో ఖర్చు పెరిగింది, పురుగును తినే మిత్ర పురుగులు చచ్చాయి, పూత మాత్రం రాలుతూనే ఉంది. ఇష్టమొచ్చినట్టు మందులు కలపొద్దు, నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి అని శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. ఎకరాల్లో జరిగిన ఆ తప్పే కుండీలోనూ జరుగుతుంది, నష్టం మాత్రం చిన్నది.

బోన్సాయ్ విషయంలో ఇంకో చిక్కుంది. తెగుళ్ల మందుల్లో పొడి రకాలు చాలావరకు ఆరితే తెల్లగానో బూడిదరంగులోనో కనబడతాయి. సబ్బు నీళ్లు కొడదామంటే, సున్నం ఎక్కువున్న నీళ్లలో సబ్బు నురగ రాదు, విరిగి తెల్లటి తెట్టు కడుతుంది. అంటే తెలుపు పోవాలని కొట్టింది ఇంకో తెలుపును తెచ్చిపెడుతుంది. ఆ తర్వాత అసలుదేదో, మనం పూసిందేదో ఎవరూ తేల్చలేరు. అందుకే మందు చివరి మెట్టు. మొదటి మెట్టు కిటికీ దగ్గరి వెలుతురు, ఒక భూతద్దం, సగం కోసిన నిమ్మకాయ.

ఈ ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది నీళ్లనే. పల్నాడు నేలలో పెద్ద భాగం సున్నపురాయి మీద కూర్చుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ఆ రాయే ఆధారం. మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ 1958 నుంచి నడుస్తున్నదీ ఆ రాయి వల్లే. ఇళ్లల్లో పరిచే నాపరాళ్లూ ఇక్కడివే. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని భూమిలోకి దిగుతుంది. ఆ పలచటి ఆమ్లానికి సున్నపురాయి కొద్దికొద్దిగా కరుగుతుంది. బోరు వేసి మనం పైకి లాగేది ఆ కరిగిన రాయిని కూడా. శ్రీనాథుడు ఈ సీమ రాళ్లనూ నీళ్లనూ చాటువుల్లో వెక్కిరించాడని మనకు కోపం గాని, ఆ రెంటికీ చుట్టరికం ఉన్న మాట అబద్ధం కాదు.

మీ ఇంటి నీళ్ల సంగతి తెలియాలంటే ల్యాబుకు పోనక్కర్లేదు. బాత్రూములో బకెట్టు అంచు చూడండి, హీటరు రాడ్డు చూడండి, స్టీలు కుళాయి మొదలు చూడండి. గోకినా రాని తెల్లటి పెచ్చు కట్టి ఉందా? ఆ పెచ్చే మీ బోన్సాయ్ ఆకు మీదా ఉంది. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుండాలనీ, వేరే దారి లేనిచోట 600 దాకా ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. ఆ 600 ఉన్న నీటిని రోజుకు 100 మిల్లీలీటర్ల చొప్పున స్ప్రే సీసాతో చెట్టు మీద చల్లారనుకోండి. నెలకు 3 లీటర్లు. నీళ్లు ఆవిరైపోతాయి, 1.8 గ్రాముల సున్నం మాత్రం ఎక్కడికీ పోదు. అరచేతిలో పట్టేంత చెట్టుకు అది తక్కువేమీ కాదు.

ఈ చల్లడమనే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. బోన్సాయ్ చైనాలో పుట్టి జపాన్‌లో పెరిగిన కళ. జపాన్‌లో చాలాచోట్ల నీళ్లలో సున్నం తక్కువ. అక్కడి పుస్తకాలు చూసి, వాటిని చూసి తీసిన వీడియోలు చూసి, మనమూ పొద్దునా సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లుతున్నాం. ఎండాకాలం రాగానే వార్తల్లో రెంటచింతల పేరు వినబడే సీమ మనది. చెట్టుకు చల్లగా ఉంటుందనే జాలితో ఇంకో రెండుసార్లు ఎక్కువ చల్లుతాం. చల్లిన తేమ గదిలో నిమిషాల్లో ఆరిపోతుంది. నా మట్టుకు నాకు, ఇంట్లో బోన్సాయ్‌కి స్ప్రే సీసా వల్ల మేలుకన్నా మరకలే ఎక్కువ.

నీటి మరకకు కొన్ని గుర్తులున్నాయి. చుక్క ఆరినచోట వలయంలా ఉంటుంది, అంచు దట్టంగా, మధ్య పలచగా. ఆకు కొనకు నీళ్లు జారి ఆగుతాయి కాబట్టి అక్కడ ఎక్కువ పేరుకుంటుంది. ఆకు పైభాగంలోనే కనబడుతుంది, అడుగు శుభ్రంగా ఉంటుంది. మీరు చల్లడం మానేశాక వచ్చిన కొత్త చిగురుకు ఉండదు. వేలితో రుద్దితే పొడిగా రాదు, గోటికి గరుకుగా తగులుతుంది.

ఇక నిమ్మకాయ పరీక్ష. ముదురు ఆకు ఒకటి ఎంచుకోండి. పుల్ల కొనతో ఒక్క చుక్క నిమ్మరసం ఆ తెలుపు మీద పెట్టి భూతద్దంలో చూడండి. సున్నమైతే చుక్క అడుగున గసగసాల కన్నా చిన్న బుడగలు లేస్తాయి. కాసేపటికి దూదితో తుడిస్తే ఆ చుక్క పడ్డంత మేర ఆకు నిగనిగలాడుతూ బయటపడుతుంది, చుట్టూ తెలుపు అలాగే ఉంటుంది. వెనిగర్‌తోనూ ఇదే జరుగుతుంది. పరీక్ష అయ్యాక ఆ ఆకును మంచినీళ్లతో కడిగేయండి. బూడిద తెగులైతే బుడగలు రావు. పిండినల్లి మైనానికి నిమ్మరసం అంటుకోనే అంటుకోదు, పక్కకు జారిపోతుంది.

మర్రి జాతి పెంచేవాళ్లకు ఒక హెచ్చరిక. జువ్వి, రబ్బరు చెట్టు, బెంజమినా లాంటి వాటి ఆకుల్లోనే సున్నం ఉంటుంది. బి.ఎస్సీ.లో బోటనీ చదివినవాళ్లకు గుర్తుండాలి, రబ్బరు చెట్టు ఆకును అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ద్రాక్షగుత్తిలా వేలాడే స్ఫటికం కనబడుతుంది, దాన్ని సిస్టోలిత్ అంటారు. ఈ జాతిలో కొన్నిటికి ఆకు పైభాగాన సన్నటి రంధ్రాల గుండా సున్నపు నీరు ఊరి తెల్లటి చుక్కలుగా ఆరుతుంది. ఆ చుక్కలు చెదురుమదురుగా ఉండవు, ముగ్గు చుక్కల్లా వరసలో, ప్రతి ఆకు మీదా దాదాపు అవే చోట్ల ఉంటాయి. అది జబ్బు కాదు, చెట్టు స్వభావం. మందమైన ఆకుల క్రాసులా జేడ్ మొక్కకూ ఇలాంటి చుక్కలే వస్తాయి. వదిలేయండి.

మర్రి జాతికే ఇంకొకటి. కొమ్మ కత్తిరించినప్పుడు, తీగ చుట్టేటప్పుడు గీరుకున్నప్పుడు పాలు కారి కింది ఆకు మీద పడతాయి. ఆరితే తెల్లటి పొరలా ఉంటుంది. గోటితో లేపితే రబ్బరులా సాగుతూ ఊడొస్తుంది. నిన్నమొన్న కత్తెర పట్టారేమో గుర్తు చేసుకుంటే చాలు.

దుమ్ము సంగతి పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు వాళ్లకు నేను చెప్పాలా? బట్టీల పొగ, క్వారీ లారీలు, సిమెంటు దుమ్ము. దుమ్మైతే ఒక్క బోన్సాయ్ మీదే పడదు, పక్కన టీవీ మీదా, కిటికీ ఊచల మీదా ఉంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే పోతుంది. కాకపోతే దాని మీద నీళ్లు చల్లారో, సున్నపు దుమ్ము తడిసి గట్టిపడి పైన చెప్పిన మరకల్లో కలిసిపోతుంది. దుమ్మున్న చోట ముందు పొడిగా దులిపి, తర్వాత తడిగుడ్డ పెట్టాలి.

వంటింటి నుంచి వచ్చే తెలుపును కూడా లెక్కలో వేసుకోండి. బియ్యం కడిగిన నీళ్లు మంచివని పోస్తారు, పుల్లటి మజ్జిగ తెగుళ్లకు పనిచేస్తుందని చల్లుతారు. చేలో మజ్జిగ చల్లితే వానకు, మంచుకు కడుక్కుపోతుంది. హాల్లో చల్లితే అలాగే ఆరి తెల్లటి పొర కడుతుంది, వాసన కూడా. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఈ మధ్య చెట్టుకు సేవ చేశారేమో నెమ్మదిగా కనుక్కోండి.

ఇవేవీ కాకపోతే అప్పుడు ప్రాణమున్న తెలుపు వైపు చూడాలి.

అందులో మొదటిది పిండినల్లి. పత్తి వేసినవాళ్లకు కొత్త కాదు. అది ఆకు మధ్యలో పరుచుకుని ఉండదు. ఆకు తొడిమ కొమ్మను కలిసే సందులో, ఆకు అడుగున ఈనె వెంబడి, తీగ చుట్టిన చోట తీగ కింద, దూది ఉండలా దాక్కుంటుంది. భూతద్దంలో చూస్తే దూది కాదని తెలుస్తుంది. గింజాకారపు ఒళ్లు, ఒంటి నిండా పిండి పూసినట్టు మైనం, అంచుల వెంట కురచ దారాలు. గుండుసూదితో నొక్కితే పసుపో ఎరుపో తడి వస్తుంది. మరకకు రక్తం ఉండదు కదా, ఇక్కడితో అనుమానం తీరిపోవాలి.

పిండినల్లి రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తుంది. చెట్టు కింద టీపాయ్ అద్దం మీద చెయ్యి పెడితే జిగటగా తగులుతుంది. ఆ తీపికి చీమలు వస్తాయి. కుండీ ఎక్కి దిగే చీమల బారు కనబడితే సగం నిర్ధారణ అయినట్టే, ఎందుకంటే చీమలు ఆ నల్లిని కాపాడతాయి కూడా. ఇంకొన్నాళ్లకు జిగురు మీద నల్లటి మసి పడుతుంది. అంటే తెలుపుతో మొదలైంది నలుపులోకి వచ్చిందన్నమాట. ఇంట్లోకి ఎలా వచ్చిందంటారా? బాల్కనీలో మందారం ఉంటే ముందు దాని కొనలు చూడండి. ఇంటి పక్క ఖాళీ స్థలంలో వయ్యారిభామ పెరిగితే అదీ దీనికి విడిది ఇల్లే.

దీనికి వైద్యం ఓపికతో కూడిన పని, ఖరీదైన పని కాదు. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ తెచ్చి, ఇయర్‌బడ్ ముంచి ఒక్కో ఉండ మీదా అద్దండి. మైనం కరిగి పురుగు రంగు మారి చస్తుంది. ముందు ఒక ఆకు మీద అద్ది మర్నాడు చూసుకోండి, కొన్ని లేత ఆకులు స్పిరిట్‌కు ఓర్చుకోవు. గుడ్లు ఆ దూదిలోనే వందల్లో ఉంటాయి కాబట్టి ఒకసారితో అయిపోదు, వారానికొకసారి చొప్పున నాలుగైదు వారాలు చూస్తూనే ఉండాలి. ఎక్కువగా పాకితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి, సాయంత్రం పూట చెట్టును బాల్కనీలోకి తీసుకెళ్లి చల్లండి. ఆ నీళ్లు మాత్రం బోరువి కాకూడదు, సబ్బు విరుగుతుందని ముందే అనుకున్నాం. పొలానికి తెచ్చి మిగిలిన ప్రొఫెనోఫాస్ గదిలో కొట్టొద్దు. పిల్లలు పడుకునే ఇల్లది.

మందుతో దీన్ని గెలవలేమని పెద్ద ఎత్తున తెలిసిన సందర్భం ఒకటుంది. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి బయటపడింది. బొప్పాయి తోటల్నే కాక మల్బరీని, టపియోకాను కూడా పట్టుకుంది. ఎన్ని మందులు కొట్టినా మైనం కింద దానికి ఏమీ కాలేదు. అది మెక్సికో, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన పురుగని పేరు తేలాక, దాన్ని తినే సన్నటి కందిరీగ జాతుల్ని 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలారు. కొన్ని నెలల్లోనే ఉధృతి పడిపోయింది. పేరు తెలిసింది కాబట్టే శత్రువు దొరికింది.

రెండోది బూడిద తెగులు. మిరపలో ఇది ఆకు అడుగున తెల్లగా వచ్చి పైన పసుపు మచ్చగా కనబడుతుంది, ఆకు రాలుతుంది. బోన్సాయ్‌లలో మాత్రం ఎక్కువగా ఆకు పైనే గుండ్రటి మచ్చలుగా మొదలై, ముఖానికి పౌడరు అద్దినట్టు పాకుతుంది. వేలితో తుడిస్తే పొడి అంటుతుంది, నాలుగు రోజుల్లో మళ్లీ వస్తుంది. మళ్లీ రావడమే దీని గుర్తు. మరక మీరు నీళ్లు చల్లితేనే వస్తుంది, బూడిద చల్లకపోయినా వస్తుంది. కాలం కూడా సాక్ష్యమిస్తుంది: తెల్లవారుజామున చలిపట్టే కార్తీకం నుంచి మాఘం దాకా దీని రోజులు, నడివేసవిలో కనబడే తెలుపు ఇది కావడం అరుదు. రేగు, గులాబీ లాంటివాటికి ఎక్కువగా వస్తుంది. మర్రి జాతికి చాలా తక్కువ. కాబట్టి మీది మర్రో జువ్వో అయితే బూడిద తెగులని తేల్చేముందు రెండుసార్లు ఆలోచించండి.

గాలి ఆడని మూలన, వెలుతురు తక్కువచోట ఉన్న చెట్టును ఇది పట్టుకుంటుంది. మచ్చపడిన ఆకులు కత్తిరించి బయట పారేసి, చెట్టును తూర్పు కిటికీకి మార్చితే సగం తగ్గుతుంది. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఇంటి బయట, ఎండ లేని పూట. ఎండ మండేటప్పుడు గంధకం ఆకును మాడుస్తుంది. అదీ ఆరాక తెల్లటి పసుపు పొర వదులుతుంది, తెగులు మళ్లీ వచ్చిందని కంగారు పడొద్దు.

మిగిలినవి రెండు మాటల్లో. చెట్టు కదిపితే తెల్లటి దోమలు లేచి మళ్లీ వాలితే తెల్లదోమ, పసుపు జిగురు అట్ట పెట్టండి. ఆకు మీద సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలుండి తుడిస్తే పోకపోతే అది పైన పడిందేమీ కాదు, ఆకు లోపలి పచ్చదనాన్ని నల్లి పీల్చేసిన గుర్తు. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టండి, చుక్కలు నడుస్తుంటే నల్లి.

ఎక్కువ ఇళ్లలో సంగతి నీళ్ల దగ్గరే తేలుతుంది కాబట్టి దాని మందూ చెప్పి ముగిస్తాను. లీటరు నీటికి రెండు మూడు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి, మెత్తటి నూలుగుడ్డ తడిపి పిండి, ఆకు అడుగున అరచెయ్యి ఆనించి తుడవండి, తర్వాత మంచినీళ్ల గుడ్డతో మరోసారి. మెరుపు కోసం కొబ్బరినూనె రాయొద్దు, దుమ్ముకు అదే జిగురవుతుంది. తుడవడానికీ, పోయడానికీ ఏసీ నుంచి కారే నీళ్లు బాగుంటాయి, వాటిలో సున్నం ఉండదు. వాన నీళ్లు ఇంకా మేలు. అవి లేకపోతే వాటర్ ప్లాంటు టిన్ను నీళ్లు. ఇంట్లో ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, సున్నమంతా వాటిలోకే చేరుతుంది. పటిక వేస్తే బురద తేరుతుంది గాని సున్నం తేరదు. మరిగించి చల్లార్చి పైతేట వంచుకుంటే కొంత తగ్గుతుంది. సాగర్ కుడికాలువ నీళ్లు వచ్చే రోజుల్లో మీ కుళాయి నీళ్లు బోరుకన్నా నయం, కానీ చాలా అపార్ట్‌మెంట్లలో రెండూ ఒకే ట్యాంకులో కలుస్తాయి, వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకోండి. నెలకొకసారి కుండీ అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోస్తే మట్టిలో పేరుకున్న లవణం దిగిపోతుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగిన చెట్టుకు కొత్త ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. మిరపకు కొట్టే అన్నభేది, నిమ్మ ఉప్పు ద్రావణాన్నే సగం మోతాదులో వాడుకోవచ్చు.

ఇంత చూసినా తేలకపోతే రైతు సేవా కేంద్రంలోనో, గుంటూరు లాం ఫారంలోనో చూపించండి. ఆకును ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమర్చి కుళ్లుతుంది, కాగితంలో మడిచి తీసుకెళ్లండి. వాట్సాప్‌లో పంపేట్టయితే ఆకు పైభాగం, అడుగు, కొమ్మ సందు మూడూ విడివిడిగా తీసి పంపండి. ఏ నీళ్లు పోస్తున్నారో, ఈ నెలలో ఆకుల మీద ఏమేం చల్లారో కింద రాయండి.